అర్ధమొగుడి వాటా

మా ఆయన ఇళ్ళ కప్పుల మీద పాచి తీసే మేస్త్రి. వీధిలో పిల్లలు పాచి మావయ్య అంటారు. పెద్దవాళ్ళు ఎదురుగా మేస్త్రిగారూ అనీ, వెనకాల పాచి మేస్త్రి అనీ అంటారు. ఏ పేరైనా నాకు అభ్యంతరం లేదు. నా బాధల్లా ఒక్కటే. ఊళ్ళో ఎవరి పెంకులు పచ్చబడినా నిచ్చెన భుజాన వేసుకుని పరిగెత్తే ఈ మనిషి, సొంత ఇంటి కప్పు మీద దుప్పటిలా పరుచుకున్న నాచును చూసి "ఎండ రానీ" అంటాడు. ఎండ వస్తే "గాలి తగ్గనీ" అంటాడు. గాలి తగ్గేసరికి పాచి మందు అయిపోతుంది. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అని ఊరికే అన్నారా!

మాది జంట ఇల్లు. మామగారు కట్టించినప్పుడే కొడుక్కో వాటా, కూతురికో వాటా అని మధ్యలో గోడ లేపారు. గోడ అయితే లేపారు గానీ కప్పు ఒక్కటే. ఈ చివర నుంచి ఆ చివరికి పైన ఒకటే కొప్పు, కింద ఒకటే చూరు. ఎడమ వాటాలో మేము. కుడి వాటాలో మా ఆయన అక్క, అంటే నా ఆడపడుచు. దుకాణాలకు బోర్డులు రాస్తుంది. భర్త పోయిన దగ్గర్నుంచి ఒక్కత్తే ఉంటోంది. ఎప్పుడు చూసినా రంగు మరకల ప్యాంటు, చెవి మీద బ్రష్షు. ఆడబిడ్డ అర్ధమొగుడు అన్నారు పెద్దలు. ఆ మాట అన్నవాళ్ళకు మా వదిన తెలిసే ఉండాలి.

ఆవిడ చెడ్డదని నేననను. అంటే కళ్ళు పోతాయి. కానీ మీరే చెప్పండి, మా ఆయన పని నుంచి రాగానే ముందు ఆగేది కుడి గుమ్మం దగ్గర. అక్కడ మెట్ల మీద కూర్చుని టీ తాగి, గుసగుసలాడి, అప్పుడు తీరిగ్గా మా గుమ్మం ఎక్కుతాడు. నేను టీ ఇస్తే "ఇప్పుడే తాగానే" అంటాడు. ఇన్నేళ్ళ కాపురంలో నేను పెట్టి పారబోసిన టీకి ఓ చెరువు నిండుతుంది. అంతసేపు ఏం మాట్లాడుకుంటారండీ అని అడిగితే, "ఏముంటాయి, బోర్డులూ పెంకులూ" అంటాడు. నాతో మాత్రం "ఊఁ", "ఆఁ", "దీపం ఆర్పు". కడుపు మండదూ?

ఓసారి నేను బజారుకెళ్ళినప్పుడు వాన మొదలైందని మా వదిన నా తీగ మీద బట్టలు తీసి, మడతపెట్టి, నా మంచం మీద పెట్టింది. మంచి పనే. అందులోనూ నాకంటే నేర్పుగా మడతపెట్టింది. ఆ చొక్కాల చేతులు అంచుకు అంచు కలిసి ఉండటం చూస్తే నాకు ఒళ్ళు మండిపోయింది. "వదినా, నా వాటాలో మీరు వేలు పెట్టకండి" అన్నాను. ఆవిడ నా మొహం వంక చూసి "సరేనమ్మా" అంది. అంతే. ఆ మాట నేను అక్కడే వదిలేశాను.

నేను దర్జీ పని చేస్తాను. ముందు గదిలో మిషను. పాచి పెంకుల సందుల్లోకి దూరి, పెరిగి పెరిగి పెంకుల్నే పైకెత్తేసింది. కిందటి వానలకు మిషను పక్కనే చుక్క మొదలైంది. ముందు గిన్నె పెట్టాను, తర్వాత బకెట్టు పెట్టాను. ఇప్పుడు ఆసుపత్రి నర్సులకు కొత్త యూనిఫారాలన్నీ నన్నే కుట్టమన్నారు. ఎన్నాళ్ళ నుంచో తిరిగితే దక్కిన పని అది. అంతా తెల్లబట్ట. వానలు మళ్ళీ ముంచుకొస్తున్నాయి. ఒక్క ఆకుపచ్చ చుక్క పడిందంటే ఆ పనీ పోతుంది, నా పేరూ పోతుంది.

"ఏవండీ, వానలు వచ్చేలోగా మన కప్పు చూడండి" అని పొద్దున ఓసారి, మాపు ఓసారి చెప్పాను. ఆయన తల ఊపాడు. పనికి పోయాడు. ఈమధ్య పనివాళ్ళను పైకెక్కించి తను కింద నిలబడి చెప్పి చేయిస్తున్నాడని నాకు తెలుసు. మా ఆయన పెద్దమేస్త్రి అయ్యాడని నేను మురిసిపోయి, వచ్చిన ప్రతి నర్సమ్మకూ కొలతలు తీసుకుంటూ చెప్పాను. "ఇక మా ఆయన ఎక్కనక్కర్లేదండీ, వేలు చూపిస్తే చాలు" అని.

సరే, మా చెల్లెలికి ఒంట్లో బాగాలేదంటే చూడటానికి వెళ్ళి, అక్కడే రెండు రోజులుండి తిరిగి వచ్చాను. వీధి మలుపు తిరగ్గానే ఇల్లు కనపడింది. నా చేతిలో సంచి జారిపోయింది.

కుడి సగం ఎర్రగా మెరుస్తోంది. కొత్తగా కాల్చి తెచ్చిన పెంకుల్లా ఉంది. ఎడమ సగం, నా సగం, ఎప్పటిలాగే పచ్చగా, ముద్దగా. రెంటికీ మధ్య కొప్పు నుంచి చూరు దాకా దారం కొట్టి గీసినట్టు ఒక గీత. అంగుళం కూడా ఇటు రాలేదు. గీత మీద పడ్డ పెంకును కూడా ఎర్ర సగం, పచ్చ సగం చేసి వదిలేశారు! క్షవరం సగంలో లేచొచ్చిన తలకాయలా ఉంది మా ఇల్లు.

ఎదురింటి ముసలాయన అరుగు మీద కూర్చుని చోద్యం చూస్తున్నాడు. "ఏమ్మాయ్, ఎవరెలా పోయినా నీ కాపురం మాత్రం పచ్చగా ఉంది" అన్నాడు. నవ్వాడు కూడా.

మా ఆయన ఇంట్లోనే ఉన్నాడు. సంచి విసిరికొట్టి అడిగాను.

"ఏవండీ, ఏమిటిది?"

"ఏది?"

"ఆ నంగనాచి వేషాలే వద్దు. మీ అక్కగారి కప్పు."

ఆయన కప్పు వైపు చూడలేదు. కాళ్ళ వైపు చూసుకున్నాడు. "అదా. అయిపోయింది" అన్నాడు.

"అయిపోయిందా! అదంతట అదే అయిపోయిందా? మరి మన సగమో?"

"చేద్దాంలే. ఎండ రానీ."

గుమ్మంలో ఎండ నిప్పులు చెరుగుతోంది. "ఆవిడ కప్పు కారుతోందా? ఆ కప్పు కింద తెల్లబట్ట ఉందా? పోనీ వేరే మనిషిని పిలుచుకుంటాను" అన్నాను. "పాచి మేస్త్రి ఇంటికి పరాయి మేస్త్రా? నలుగురూ నవ్విపోతారు" అన్నాడు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు.

ఆ పూట నేను మాట్లాడలేదు. మర్నాడు కూడా మాట్లాడలేదు. మిషను తొక్కుతున్నానే గానీ కళ్ళ ముందు ఆ గీతే. పెళ్ళాం సగం పాచి, అక్క సగం పసిడి. అంత శ్రద్ధగా, అంత ఓపికగా, పెంకు పెంకునూ తుడిచి తుడిచి చేశాడే! నాకోసం ఏనాడైనా ఓ గిన్నె అంత శ్రద్ధగా తోమాడా? ఏడుపొచ్చింది. అవును, కుళ్ళే. కుళ్ళు కాదని బుకాయించను. నాకు రావలసింది పక్క గుమ్మానికి పోతుంటే కుళ్ళుకోక, హారతి పట్టమంటారా?

ఆయన పనికి వెళ్ళాక కొట్టు గది తెరిచి నీళ్ళ మిషను లాక్కొచ్చాను. గొట్టం చివర తుపాకీలాంటి పిడి ఉంటుంది. నొక్కితే నీళ్ళు రంపంలా కోస్తాయి, మీట బిగుసుకుపోయి వదిలినా ఆగవు. మా ఆయన దాన్ని గచ్చులకే వాడతాడు, పెంకుల దగ్గరికి రానివ్వడు. పెంకులకు గీకుడు చెక్క, మందు, మెత్తటి చీపురు. అదీ ఎప్పుడూ పైనుంచి కిందికే. "పైనుంచి కిందికి, పైనుంచి కిందికి" అని నిద్రలో కూడా పనివాళ్ళ మీద కేకలేస్తాడు. ఆ మాట వినీ వినీ నా చెవులు తూట్లు పడ్డాయి. విన్న చెవులే గానీ, ఆ రోజు తలకెక్కింది వేరు.

నిచ్చెన చూరుకు ఆనించి, నాలుగు మెట్లెక్కి, కింద నుంచి పైకి కొట్టాను.

అబ్బ, ఎంత హాయిగా ఉందో చెప్పలేను! పాచి ముద్దలు ముద్దలుగా లేచి ఎగిరింది. కొంత నా మొహాన పడింది, పడనీ. ఎక్కువ భాగం గాల్లో తిరిగి వెళ్ళి ఆ ఎర్ర సగం మీద చప్పున పడింది. నేను కావాలని అటు కొట్టలేదు. తిప్పి ఇటు కొట్టాలని కూడా అనిపించలేదు. పచ్చటి రసం ఆ ముద్దుల పెంకుల మీదుగా కారుతుంటే నా కడుపు చల్లబడింది. చూరు దగ్గర రెండు వరసలు ఎర్రబడ్డాయి. పైన అందడం లేదు. గొట్టం చంకన పెట్టుకుని కప్పు మీదికే ఎక్కాను.

తడిసిన పాచి మీద కాలు పెట్టి చూశారా ఎప్పుడైనా? పెట్టకండి. మొదటి అడుగు నిలిచింది. రెండో అడుగు నాది కాదు. గొట్టం వదిలేసి, పొట్ట మీద పడి, గోళ్ళతో పెంకులు పట్టుకుని పాకాను. కిందికి చూసే ధైర్యం లేక పైకే పాకాను. కొప్పు దొరికింది. దాన్ని రెండు చేతులా కావలించుకుని బోర్లా పడుకున్నాను. కింద నీళ్ళ గొట్టం పాములా మెలికలు తిరుగుతూ నా కిటికీ మీద, తలుపు మీద, ఎదురింటి ముసలాయన అరుగు మీద కొడుతోంది. ఆయన కేకలేసుకుంటూ వచ్చి మిషను ఆపి, నన్ను చూసి, మా ఆయన కోసం పరిగెత్తాడు. పాపం, ఆ వయసులో!

మా ఆయన పక్క వీధిలోనే పనిలో ఉన్నాడు. వచ్చాడు. నన్ను చూశాడు. మొహం పాలిపోయింది.

"కదలకే! కదలకు!"

"కదలడం లేదండీ. మీరొచ్చి దించండి."

నిచ్చెన పట్టుకున్నాడు. ఒక మెట్టెక్కాడు. ఇంకోటి ఎక్కాడు. అక్కడ ఆగిపోయాడు. నేను ఎదురుచూశాను. నిచ్చెన చూరుకు టకటకా కొట్టుకుంటోంది. గాలి లేదు మరి.

"ఏవండీ, ఏమైంది? రండి! మీ అక్క కప్పయితే ఉడతలా ఎక్కారు కదా, నా దాకా వచ్చేసరికి కాళ్ళు రావడం లేదా?"

తల వంచి చూశాను. రెండు చేతులతో మెట్టును పట్టుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని ఉన్నాడు. చెంపల వెంట చెమట కారుతోంది. మోకాళ్ళు వణుకుతున్నాయి. ఆ వణుకే నిచ్చెనంతా పాకుతోంది. అలా ఉన్నాడు ఊరి కప్పులన్నీ ఎక్కిన మనిషి.

కళ్ళు తెరవకుండానే "అక్కా!" అని కేకేశాడు.

చూడండి, ప్రాణం మీదికి వచ్చినా అక్కే!

మా వదిన బయటికి వచ్చింది. ఒక్కసారి పైకి, ఒక్కసారి తమ్ముడి వంక చూసింది. ఏమీ అడగలేదు. బోర్డులు రాసే తన నిచ్చెన తెచ్చి తన వాటా చివర, నేను చిందించిన పాచి పడనిచోట వేసుకుని, చెప్పులు విడిచి, మెట్లెక్కినంత సులువుగా ఎక్కింది. కొప్పు మీద గుర్రం ఎక్కినట్టు కూర్చుని జరుగుతూ జరుగుతూ నా వైపు వచ్చింది. సరిగ్గా గీత దగ్గర ఆగింది.

"రానా ఇటు?" అని అడిగింది.

నాకు మొదట అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. చొక్కాలు, వాన, నా మాట. "రండి వదినా" అన్నాను.

నా మోచెయ్యి పట్టుకుని లేపి కూర్చోబెట్టింది. ఆవిడ అరచేతుల్లో గీకుడు చెక్క పట్టి కాచిన కాయలు, పగిలిన బొబ్బలు. గోళ్ళ కింద రంగు కాదు, పచ్చటి పాచి. ఆ గీత వైపు చూశాను. దారం కొట్టి గీసిన గీత. మా ఆయన జన్మలో సూటిగా గీత గీసిన మనిషి కాదు, గుడ్డ కత్తిరించమంటే వంకర పోతాడు.

"ఈ కప్పు చేసింది మీరా?"

"మరెవరు?" అంది. "వాడు కింద నిలబడి చెప్పాడు, నేను చేశాను. నీ సగం కూడా చేసేదాన్నే. వేలు పెట్టొద్దన్నావుగా."

"ఆయనో?"

వదిన కిందికి చూసింది. కింద మా ఆయన నిచ్చెన దిగి నేల మీద చతికిలబడ్డాడు. "కిందటి వానల్లో గోదాము కప్పు మీద జారాడు. చూరు గొట్టం చేతికి దొరక్కపోతే మనకు దక్కేవాడు కాదు. ఎంతసేపు వేలాడాడో వాడికే తెలీదు. అప్పట్నుంచి ఎక్కలేకపోతున్నాడు" అంది.

ఆ రోజు నాకు గుర్తుంది. మోచేతులు రెండూ చెక్కుకుపోయి వచ్చాడు. "గేటుకు గీసుకుందే" అన్నాడు. నేను వేడినీళ్ళతో కడిగి, మందు రాసి, ఊదాను కూడా. పుండుకు మందు రాసింది నేను. నిజం విన్నది ఆవిడ. ఎర్ర పెంకులు పోతే పోయాయి, అవి ఆయన చేసినవి కానే కావు. ఆ నిజం మాత్రం నాకు రావలసినదే, అది పక్క గుమ్మంలో దిగింది.

"మీకెందుకు చెప్పారు, నాకు చెప్పకుండా?" అన్నాను. ఏడుస్తున్నానని అప్పుడే తెలిసింది.

"అది వాణ్ణే అడుగు. పద, ముందు దిగుదాం. నీ బట్టలన్నీ పాచి" అంది వదిన, నా నడుం చుట్టూ చెయ్యి వేసి. ఆవిడ చేతి మీద ఆనుకునే దిగాను. ఆవిడ చేతి మీద! అదీ నా రాత.

లోపల చూస్తే కొంప మునిగింది. కింద నుంచి పైకి కొట్టిన నీళ్ళు పెంకుల కిందికి దూరి, నా గదిలోకి, సరిగ్గా తెల్లబట్ట మీదికి దిగాయి. వాన చెయ్యని పని నేనే చేసుకున్నాను. ముగ్గురం కూర్చుని ఆ బట్ట ఉతికాం, పిండాం, ఆరేశాం. ఆ రోజు మా వదిన నా తీగ ముట్టుకుంటే నేను ఏమీ అనలేదు. చాలా వరకు మరక వదిలింది. వదలనివాటిని పక్కనపెట్టి, మళ్ళీ బట్ట తెచ్చి కుట్టాను. అనుకున్న రోజుకు ఇవ్వలేకపోయాను, నర్సమ్మల చేత మాట పడ్డాను.

ఆ రాత్రి వదిన తన వాటాకు వెళ్ళాక ఆయన్ని అడిగాను. "నాకెందుకు చెప్పలేదు?"

"పెద్దమేస్త్రినయ్యానని మురిసిపోయావు. వచ్చినవాళ్ళందరికీ చెప్పుకున్నావు. భయంతో కింద నిలబడుతున్నానని ఏ మొహంతో చెప్పనే? అక్క ముందు నాకు సిగ్గు లేదు. చిన్నప్పుడు నా ముక్కు తుడిచిన చేతులు ఆవిడవి."

"సిగ్గు లేకుండా ఉండాల్సింది నా ముందండీ! కట్టుకున్నదాన్ని నేను!" అని అరిచాను. గోడ అవతల గిన్నె చప్పుడు ఆగిపోయింది. విననీ.

మర్నాడు ఎండెక్కి పాచి ఆరాక, నేనే ఎక్కాను. నీళ్ళ మిషను కాదు, గీకుడు చెక్క పట్టుకుని. నడుముకు తాడు కట్టించుకున్నాను. ముడి ఆయన చేతే వేయించాను. మూడుసార్లు లాగి చూసి, నాలుగోసారి కూడా లాగాడు. తాడు కొప్పు మీదుగా వెనక వైపు స్తంభానికి కట్టాం. ఆయన కింద నిచ్చెన పట్టుకుని నిలబడ్డాడు. "పైనుంచి కిందికి!" అని మొదలుపెట్టాడు. "తెలుసులెండి" అన్నాను.

వదిన తన నిచ్చెనతో వచ్చింది. "నేనూ ఎక్కనా అమ్మాయ్? ఇద్దరం అయితే త్వరగా అవుతుంది."

"వద్దు వదినా. అర్ధమొగుడి వాటా మీరు చేసేశారు. ఈ సగం నాది" అన్నాను. ఆవిడ పకపకా నవ్వి, నేను చిందించిన పాచి కడుక్కోవడానికి నీళ్ళ బకెట్టుతో తన వైపు ఎక్కింది. నాకు నవ్వు రాలేదు. నేను నిజంగానే అన్నాను మరి.

కాసేపు గీకాక అడిగాను, కిందికి చూడకుండా. "ఇప్పుడు చెప్పండి. గోదాము మీద ఏం జరిగిందో. అక్కకు చెప్పినట్టే. ఒక్క ముక్క తగ్గినా ఊరుకోను."

చెప్పాడు. పాచి ఎండినట్టే కనపడిందట, కింద తడిగా ఉందట. కాలు జారిందట. గొట్టం పట్టుకుని వేలాడాడట. కేక వేద్దామంటే గొంతు పెగల్లేదట.

"వేలాడుతూ ఏమనుకున్నారు?"

నేను గీకడం ఆపాను.

"నువ్వు మిషను మీద ఉంటావనుకున్నా" అన్నాడు. "ఎవరో వచ్చి నేను పోయానని చెప్తారు. నువ్వేమో, ఉండండి, ఈ కుట్టు అయిపోనివ్వండి అంటావు. ఆ కుట్టు పూర్తిచేసి, దారం పళ్ళతో తెంపి, అప్పుడు తలెత్తుతావు. తలెత్తాక నీ మొహం ఎలా ఉంటుందో గుర్తొచ్చింది. చెయ్యి వదల్లేకపోయా."

చెక్క నా చేతిలోంచి జారి, పెంకుల మీద దొర్లుకుంటూ వెళ్ళి ఆయన కాళ్ళ దగ్గర పడింది. ఎర్ర సగం మీద వదిన మా వైపు వీపు పెట్టి చీపురుతో రుద్దుకుంటోంది. గొంతు తగ్గించి అడిగాను.

"ఈ ముక్క అక్కకు చెప్పారా?"

"లేదు."

"చెప్పకండి" అన్నాను.